చూసినవా? విన్నవా?



వార్షికోత్సవ సంచిక వేస్తున్నాం, నువ్వు కూడా ఏదైనా రాసి పంపాలని హాస్టల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు సంతోషం కలిగింది. తర్వాత భయం వేసింది. సంతోషం ఎందుకో మీకు తెలుసు. భయం ఎందుకంటే, ఈ హాస్టల్ గురించి నేను రాయవలసిన సంగతి ఒక్కటే ఉంది. దాన్ని దాదాపు పదేళ్లుగా ఎవరికీ చెప్పలేకపోయాను. "కష్టపడి చదవండి, పైకి రండి" అని నాలుగు ముక్కలు రాసి ముగించవచ్చు. ఆ మాట మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక వ్యాకరణ పాఠం చెబుతాను. అది జపాన్ భాష వ్యాకరణం. నవ్వకండి. ఆ పాఠం తిరిగి తిరిగి మన హాస్టల్ నల్లా దగ్గరికే వస్తుంది.

నేను ఎవరిని?

మాది మరిపెడ మండలంలో ఆకేరు వాగుకు దగ్గరగా ఉన్న ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి పోతారు. పత్తి ఏరడం, మిరపకాయలు ఏరడం, నాట్లు వేయడం. మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినవాళ్లు లేరు. మా అమ్మ వేలిముద్రే వేస్తుంది. నేను సంతకం నేర్పబోతే "ఇప్పుడు రేషన్ దుకాణంల సదువుకున్నోళ్లు గూడ ఏలే పెడుతున్నరు గద బిడ్డా, ఇంక నాకెందుకు సంతకం" అని నవ్వింది.

ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. నేను చేరినప్పుడు మనది వరంగల్ జిల్లా. మహబూబాబాద్ జిల్లా 2016 అక్టోబర్‌లో ఏర్పడింది. నేను చేరినప్పుడు దొడ్డు బియ్యం అన్నం. 2015 జనవరిలో హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చాయి. ఆ మొదటి రోజు నేను మూడుసార్లు లైన్లో నిలబడిన సంగతి నాతో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2018లో పదో తరగతి, తర్వాత హన్మకొండలో ఇంటర్, డిగ్రీ. 2023లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో సీటు వచ్చింది. 2025లో పీజీ పూర్తయింది. నాకిప్పుడు ఇరవై మూడేళ్లు.

జపాన్ భాష ఎందుకు?

యూనివర్సిటీ హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఒక రాత్రి "జపాన్ల మస్తు ఉద్యోగాలున్నయంట తమ్మీ, భాషొస్తే సాలంట" అన్నాడు. ఆ వాక్యంలో రెండు 'అంట'లు ఉన్నాయి. ఆ రెండు 'అంట'ల మీద నమ్మకంతో నేను భాష నేర్చుకోవడానికి బయలుదేరాను! తర్వాత విచారిస్తే అందులో కొంత నిజమే ఉంది. పనివాళ్లు సరిపోక జపాన్ ప్రభుత్వం 2019 ఏప్రిల్ నుంచి నైపుణ్యం ఉన్న విదేశీయులకు కొత్త రకం వీసా ఇస్తోంది. దానికి భాషా పరీక్ష పాస్ కావాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవాళ్లకు జపాన్ భాష నేర్పించి పంపుతోంది. అయితే 'భాషొస్తే సాలు' అన్నది మాత్రం నిజం కాదు. నాలాగా తెలుగు ఎం.ఏ. చదివినవాడికి అక్కడ సిద్ధంగా ఉన్న ఉద్యోగం ఏమీ లేదు.

కానీ అది తెలిసేసరికి నాకు భాష మీద ఇష్టం పుట్టింది. ఉస్మానియా పక్కనే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. పూర్వం దాన్ని సీఫెల్ అనేవారు. అక్కడ సాయంత్రం పూట పార్ట్‌టైమ్ కోర్సులో చేరాను. ఫీజు కోసం ఒక నెల రోజులు ఉదయం టిఫిన్ మానేశాను. ఆకలి మనకు కొత్త కాదు కదా.

మొదట్లో బెదిరిపోయాను. జపాన్ భాషకు ఒక లిపి కాదు, మూడు ఉన్నాయి. హిరగానా 46 అక్షరాలు, కతకానా 46 అక్షరాలు. ఇవికాక చైనా నుంచి వచ్చిన కాంజీలు. రోజువారీ వాడకానికి అక్కడి ప్రభుత్వం ప్రకటించిన కాంజీల పట్టికలోనే 2,136 ఉన్నాయి. మన యాభై ఆరు అక్షరాలకే చిన్నప్పుడు నేను ఎన్ని దెబ్బలు తిన్నానో! కానీ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆశ్చర్యపోయాను. జపాన్ వాక్యం మన తెలుగు వాక్యంలాగానే నడుస్తుంది. 'నేను అన్నం తింటాను' అనే వరుసలోనే వాళ్లూ 'వతషి వ గొహన్ ఒ తబెమస్' అంటారు. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. మన విభక్తుల్లాంటి చిన్న ముక్కలు పదం వెనకాల వస్తాయి. క్లాసులో ఇంగ్లిష్ మీడియం వాళ్లు ఇంగ్లిష్ వాక్యాన్ని తలకిందులు చేసుకుంటూ కష్టపడుతుంటే, నేను తెలుగు వాక్యంలో మాటలు మార్చుకుంటూ పోయాను.

అంట, అట్టుంది

'మిన్నా నో నిహోంగో' అని జపాన్ భాష నేర్చుకునేవాళ్లు ప్రపంచమంతటా చదివే పుస్తకం ఒకటి ఉంది. అందులో 43వ పాఠం, 47వ పాఠం గురించి నేను చెప్పాలి. 2024 ఆగస్టులో మా టీచర్ బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు.

అమె గ ఫురిసో దెస్.
అమె గ ఫురు సో దెస్.

'అమె' అంటే వాన. మన 'ఆమె' కాదు. రెండు వాక్యాలకూ తేడా ఒక్క అక్షరంలో ఉంది, ఫురి, ఫురు. ఈ తేడా ఏమిటో చెప్పమన్నారు. క్లాసులో అందరూ తడబడుతున్నారు. పుస్తకంలో అర్థం చూసుకుని నేను ఉండబట్టలేక, "మేడమ్, మొదటిది 'వానొచ్చేటట్టుంది', రెండోది 'వానొస్తదంట'" అన్నాను. క్లాసంతా నవ్వింది. మా యాసకే నవ్వారు. టీచర్ మాత్రం నవ్వలేదు. మళ్లీ చెప్పమని, బోర్డు మీద ఆ రెండు తెలుగు మాటలూ రాయించారు. చదువుకునే గదిలో మా ఊరి యాస నన్ను నిలబెట్టిన మొదటి రోజు అది.

తమ్ముళ్లారా, మీరు కూడా చూడండి. ఆకాశంలో మబ్బు పట్టింది, చల్లగాలి వీస్తోంది. మీరు కళ్లతో చూసి 'వానొచ్చేటట్టుంది' అంటారు. అది 'ఫురిసో దెస్'. మబ్బు ఏమీ లేదు, కానీ వార్తల్లో చెప్పారు. అప్పుడు 'వానొస్తదంట' అంటారు. అది 'ఫురు సో దెస్'. పొద్దున లేచి చూస్తే వాకిలి తడిగా ఉంది, వాన పడుతుండగా మీరు చూడలేదు. 'రాత్రి వానొచ్చినట్టుంది' అంటారు. అది 'ఫుత్త యో దెస్'. స్నేహితులతో మాట్లాడేటప్పుడు 'యో' బదులు 'మితాయ్' అంటారు. ఇంకా 'రషీ' అని ఒకటి ఉంది. నలుగురూ అనుకుంటున్నారు, నాకూ అలాగే తోస్తోంది అన్నప్పుడు అది వాడతారు. అంటే కళ్లతో చూసి ఊహించింది వేరు, గుర్తులను బట్టి ఊహించింది వేరు, ఒకరు చెబితే విన్నది వేరు. దేని తోక దానిదే.

రుచి విషయంలో కూడా ఇంతే. 'ఒయిషీ దెస్' అంటే రుచిగా ఉంది అని. తిన్నవాడే ఆ మాట అనాలి. పళ్లెంలో కూరను చూసి నోరూరితే 'ఒయిషిసో దెస్'. పక్క హాస్టల్ వాళ్లు చెబితే విన్నది 'ఒయిషీ సో దెస్'. ఒక చోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 'కవాయీ' అంటే ముద్దుగా ఉండటం. ముద్దుగా కనిపిస్తోంది కదా అని దానికి 'సో' తగిలించి 'కవాయిసో' అంటే 'అయ్యో పాపం' అని అర్థం వస్తుంది. నేను మా టీచర్ గారి పాప ఫోటో చూసి ఆ మాటే అన్నాను. ఆ రోజు కూడా క్లాసంతా నవ్వింది. ఈసారి టీచర్ కూడా నవ్వారు.

మన 'అంట'కూ వాళ్ల 'సో దెస్'కూ ఇంకో పోలిక ఉంది. రెండూ వాక్యం చివరనే వస్తాయి. రెండింటికీ సొంతంగా భూతకాలం, వ్యతిరేకం ఉండవు. 'వానొచ్చిందంట', 'వాన రాదంట' అని లోపలి మాటను మారుస్తాం గానీ 'అంట'ను మార్చము. వాళ్లూ అంతే. పుస్తకాల తెలుగులో ఇది 'అట'. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేసిన నిఘంటువులో కూడా ఈ 'అట' ఉంది. మా నాయనమ్మ చెప్పిన కథలన్నీ 'ఒక రాజు ఉండెనంట' అనే మొదలయ్యేవి. జపాన్‌లో పన్నెండో శతాబ్దం నాటిదని చెప్పే 'కొంజాకు మొనొగతరి' అనే పెద్ద కథల సంపుటి ఉంది. అందులో కథలు కూడా ఇలా చెప్పుకుంటూ వచ్చారట అనే అర్థం వచ్చేలాగే ముగుస్తాయి. కథ చెప్పేవాడు 'నేను చూడలేదు సుమా' అని ముందే ఒప్పుకుంటున్నాడన్నమాట. దక్షిణ అమెరికాలో తుయుకా అని కొద్దిమంది మాట్లాడే భాష ఉంది. కళ్లతో చూశావా, చప్పుడు విన్నావా, గుర్తులను బట్టి గ్రహించావా, ఒకరు చెప్పారా, ఊహించావా అన్నది క్రియలోనే చెప్పకపోతే అక్కడ వాక్యమే పూర్తి కాదు.

మరి మనకు? జపాన్ వాళ్లకు? మా టీచర్ ఆ రోజు ఒక మాట చెప్పారు. "సో దెస్ వదిలేస్తే వ్యాకరణం తప్పు కాదు. వాక్యం బాగానే ఉంటుంది. కానీ అది వేరే వాక్యం. అప్పుడు మీరు విన్నవారు కాదు, సాక్షి అవుతారు."

అందరూ నోట్సులో రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నా చెయ్యి ఆగిపోయింది. నాకు మన హాస్టల్ గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి

అది 2015 డిసెంబర్. నేను ఎనిమిదో తరగతి. క్లాస్ లీడర్‌ను. ఆ సంవత్సరమే సుమతీ శతకం పద్యాల పోటీలో నాకు మొదటి బహుమతిగా స్టీలు గ్లాసు వచ్చింది. ఎవరు ఏం చెప్పినా వినవచ్చు గానీ, విన్న వెంటనే తొందరపడకూడదని, నిజమేదో అబద్ధమేదో తేల్చుకోవాలని చెప్పే పద్యం నేనే చదివాను. రాగయుక్తంగా చదివాను.

మా గదిలో ఒకని పెట్టెలోంచి మూడు వందల రూపాయలు పోయాయి. వాళ్లమ్మ చలికోటు కొనుక్కొమ్మని పంపిన డబ్బులు. పెట్టెకు తాళం ఉంది కానీ ఆ తాళాలు ఎలాంటివో మీకు తెలుసు, పిన్నీసుతో వస్తాయి. పొద్దున నల్లా దగ్గర మొఖాలు కడుక్కుంటుంటే ఒకడు అన్నాడు, "వాడే తీసిండంట రా." 'వాడు' అంటే ఏడో తరగతి పిల్లవాడు. రాత్రిళ్లు లేచి తిరుగుతాడని వాడికి పేరు. చీకటంటే భయంతో నిద్ర పట్టక లేచేవాడని మాకు అప్పుడు తెలియదు. బువ్వకు లైన్లో నిలబడేసరికి "వాడే తీసిండంట" అనే మాట ఇరవై మంది నోళ్లలో తిరిగింది. ఇరవై మంది అన్నారు కాబట్టి నిజమే అనిపించింది. ఆ ఇరవై మందికీ మూలం ఒక్కడేనని, ఆ ఒక్కడూ చూడలేదని ఎవరమూ అనుకోలేదు.

రాత్రి స్టడీ అవర్‌లో అందరినీ వరుసగా నిలబెట్టి సార్ అడిగారు, "ఎవరికైనా తెలుసా?" అని. ఎవరూ మాట్లాడలేదు. క్లాస్ లీడర్‌ను కదా, నేను చెయ్యి ఎత్తాను.

"నీకు తెలుసా?"

"తెల్సు సార్. వాడే తీసిండు."

తీసిండంట అనలేదు. తీసిండు అన్నాను. ఎందుకు అలా అన్నానో అప్పటి నుంచి చాలాసార్లు ఆలోచించాను. వాడి మీద నాకు కోపం లేదు. 'అంట' అంటే సార్ ముందు నా మాట చిన్నదైపోతుందని అనిపించింది. తెలిసినవాడిలాగా కనిపించాలనిపించింది. అంతే. ఒక్క అక్షరం మింగాను.

నేను మంచి విద్యార్థిని, క్లాస్ లీడర్‌ను. నా మాట నమ్మారు. నమ్మడం వాళ్ల తప్పు కాదు. ఆ పిల్లవాడు తల దించుకుని నిలబడ్డాడు. మేమంతా వాణ్ణి చూసి "తప్పు చేసినోని లెక్కనే ఉన్నడు" అనుకున్నాం. మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. చొక్కా జేబులోంచి మడతలు పడిన నోట్లు తీసి మూడు వందలు కట్టాడు. కొడుకును ఒక్క మాట అనలేదు. సంక్రాంతి సెలవులకు పోయిన ఆ పిల్లవాడు మళ్లీ రాలేదు. వాళ్ల నాన్న ఒక్కడే వచ్చి పెట్టె నెత్తిన పెట్టుకుని పోయాడు.

ఏప్రిల్‌లో సెలవులకు ఇళ్లకు పోయేటప్పుడు అందరం పెట్టెలు బోర్లించి దులుపుకున్నాం. డబ్బులు పోయినవాని పెట్టె అడుగున పరిచిన న్యూస్ పేపర్ కింద మూడు వంద నోట్లు ఉన్నాయి. వాడు నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ నవ్వు ఎంతసేపు ఉందో గుర్తులేదు గానీ ఎలా ఆగిందో గుర్తుంది. ఎవరూ ఎవరి మొఖమూ చూడలేదు. సార్‌కు చెబుదామని ఒక్కరమూ అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కి పోయాం.

వాగు వచ్చిన రోజు

'సో దెస్' పాఠం విన్న కొద్ది రోజులకే 2024 సెప్టెంబర్ 1, ఆదివారం వచ్చింది. ఆ రోజు మన మండలంలో ఎవరూ మరచిపోలేరు. ముందు రాత్రి నుంచి పడిన వానకు ఆకేరు పొంగింది. సీతారాం తండా నీట మునిగింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా నీళ్లు పోయి వరంగల్, ఖమ్మం రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. ప్రాణాలు కూడా పోయాయి.

నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమ్మ ఫోన్ కలవడం లేదు. పొద్దున తొమ్మిదింటికి మా బంధువు ఒకాయన ఫోన్ చేసి "మీ వాడ మొత్తం మునిగిందంట" అన్నాడు. పదింటికి ఇంకొకరు, "మీ ఇల్లు కూలిందంట." మధ్యాహ్నం మూడో ఆయన, "మీ ఇల్లు పోయింది రా" అన్నాడు. మూడో ఆయన వాక్యంలో 'అంట' లేదు. నేను మంచం మీద కూలబడ్డాను. నా రూమ్మేట్ లా చదువుతున్నాడు. వాడు ఫోన్ తీసుకుని ఆయనను ఒక్కటే అడిగాడు. "అన్నా, మీరు చూసిండ్రా, విన్నరా?" అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "విన్న తమ్మీ. నేను ఖమ్మంల ఉన్న" అన్నాడు.

సాయంత్రం అమ్మ వేరేవాళ్ల ఫోన్‌తో మాట్లాడింది. నీళ్లు గడప దాకా వచ్చి ఆగాయి. ఇల్లు ఉంది. అమ్మ నోట "ఇల్లున్నది బిడ్డా" అనే మాట విన్నప్పుడు, 'అంట' లేని వాక్యానికి ఎంత బలం ఉంటుందో నాకు తెలిసింది. ఆ బలాన్నే నేను 2015లో అబద్ధానికి వాడాను.

ఆ రాత్రి రూమ్మేట్‌కు అంతా చెప్పాను. వాడు తన పుస్తకం తీసి చూపించాడు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 60వ సెక్షన్. కళ్లతో చూడదగిన సంగతికి, చూసినవాడే వచ్చి చూశానని చెప్పాలి. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. అందులోనూ ఈ నియమం అలాగే ఉంది. "కోర్టుల నువ్వు చెప్పింది నిలువదు" అన్నాడు. కోర్టులో నిలవని నా మాట హాస్టల్లో నిలిచింది.

మూడు వందలు

2024 దసరాకు ఇంటికి పోయినప్పుడు ఆ పిల్లవాని ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటి ముందు వాళ్లమ్మ కంకులు ఒలుస్తోంది. నేను ఎవరినో చెప్పాను. "చిన్నమ్మా, ఆ రోజు సార్‌కు చెప్పింది నేనే. నేను సూడలే. ఇని చెప్పిన" అన్నాను. ఇంకా చాలా మాట్లాడాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను గానీ నోరు రాలేదు. పెట్టెలో డబ్బులు దొరికిన సంగతి కూడా చెప్పాను.

ఆమె చేతిలో కంకి కింద పెట్టలేదు. "మావోడు తియ్యలే బిడ్డా. నాకెర్కే" అన్నది.

తియ్యలేదంట అనలేదు. ఆమె హాస్టల్లో లేదు, పెట్టెను చూడలేదు. అయినా ఆమె వాక్యంలో 'అంట' లేదు. ఇది ఏ పాఠంలోకి వస్తుందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

వాళ్ల నాన్న లోపలి నుంచి వచ్చాడు. నేను మూడు వందలు తీసి ఇచ్చాను. వద్దంటాడనుకున్నాను. ఆయన తీసుకున్నాడు. లెక్క పెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఆనాడు బదులు దెచ్చి కట్టిన. ఇయ్యి నా పైసలే" అన్నాడు. తర్వాత "చాయ తాగిపో" అన్నాడు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఖమ్మంలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నంబర్ ఇచ్చారు. రెండు రోజులు ధైర్యం చాలక, మూడో రోజు ఫోన్ చేశాను. నేను చెప్పేదంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "అన్నా, నువ్వు చెప్పినవని నాకు కోపం లేదు. కని మీరు ఎవ్వలు నన్ను 'తీసినవా' అని అడగలే. అడిగితే లేదని చెప్పేటోన్ని. అందరు 'ఎందుకు తీసినవ్' అనే అడిగిండ్రు."

తమ్ముళ్లారా, ఎం.ఏ.లో రెండేళ్లు నేను వ్యాకరణం చదివాను. ఇంత వ్యాకరణం నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి పత్రికలో రాయనా అని వాణ్ణి అడిగాను. "నా పేరు రాయకు, సంగతి రాయి" అన్నాడు. నన్ను క్షమించావా అని కూడా అడిగాను. "గదేందన్నా, ఎప్పుడో మర్సిపోయిన" అన్నాడు. జపాన్ భాషలో ఇంకో నియమం ఉంది. 'కనషీ' అంటే బాధగా ఉంది అని. అది నా గురించి నేను చెప్పుకోవచ్చు. ఇంకొకరి గురించి ఆ మాట సూటిగా అనకూడదు. 'కనషిసో', బాధపడుతున్నట్టు కనిపిస్తున్నాడు అనాలి. ఇంకొకరి మనసు లోపల ఏముందో మనం చూడలేము కాబట్టి. ఆ నియమం ప్రకారం, వాడు మరచిపోయాడని నేను రాయలేను. మరచిపోయినట్టు మాట్లాడాడు అని మాత్రమే రాయగలను. ఆ రోజు రాత్రి తల దించుకున్న పిల్లవాణ్ణి చూసి మేము ఈ నియమం పాటించి ఉంటే, వాడు ఈ సంచికలో నా పక్కన ఇంకో వ్యాసం రాసేవాడేమో.

నా మనవి

2024 డిసెంబర్‌లో నేను జపాన్ భాష ఎన్4 పరీక్ష రాసి పాసయ్యాను. జపాన్ పోతానో లేదో తెలియదు. టెట్, డీఎస్సీకి కూడా చదువుతున్నాను. టీచర్ ఉద్యోగం వస్తే మంచిదే. నా సర్టిఫికెట్‌ను అమ్మ గోడకు తగిలించింది. "మావోనికి జపాన్ భాష అస్తది" అని వాడకట్టుకంతా చెబుతోందంట. ఇది నేను విన్నదే, చూడలేదు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు నాది ఒక్కటే మనవి. మనం యాభై, వంద మందిమి ఒకే కప్పు కింద పడుకుంటాం. సబ్బు పోతుంది, చెప్పులు పోతాయి, డబ్బులు పోతాయి. మాటలు వస్తాయి. ఎవరైనా ఒకరి మీద మాట చెబితే "చూసినవా, విన్నవా?" అని అడగండి. విన్నదైతే, దాని తోక దానికి ఉంచండి. ఆ తోక మనకు మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇచ్చారు. దాన్ని కోసేస్తే మన మాట పెద్దదైనట్టు కనిపిస్తుంది. కానీ ఇంకొకని పెట్టె ఇంటికి పోతుంది. ఇంకో సంగతి. ఎవరి మీదనైనా నింద వస్తే, ముందు వాణ్ణే అడగండి. 'తీసినవా' అని అడగండి.

నాతో చదివిన మిత్రులారా, ఆ ఏప్రిల్‌లో పెట్టెలు దులిపినవాళ్లం ఆరుగురం. మిగిలిన ఐదుగురు ఈ పేజీ చదివితే నాకు ఫోన్ చేయండి. ఈ వార్షికోత్సవానికి వాణ్ణి పిలిచాను. వస్తానన్నాడు. వస్తే గేటు దగ్గర నేను ఒక్కణ్ణే నిలబడి ఉండకూడదు.

ఇట్లు,
మీ అన్న,
ఎం.ఏ. (తెలుగు), పూర్వ విద్యార్థి, 2018 పదో తరగతి బ్యాచ్